వేలు చూపిన మామిడి చెట్టు

ఫోన్లలో ఆడే ఆటలు తయారుచేసే పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేసి, ట్యుటోరియల్ ఎలా రాయాలో చెప్పమని అడుగుతుంటారు. ట్యుటోరియల్ అంటే తెలియనివాళ్ల కోసం ముందే చెబుతున్నాను: ఆట కొత్తగా తెరిచినవాడికి మొదటి కొన్ని నిమిషాలు చెయ్యి పట్టుకుని ఆడించే భాగం అది. ఇక్కడ నొక్కండి, అటు జరపండి, శభాష్, ఇప్పుడు ఇది నొక్కండి. రిటైరయ్యేదాకా నా ఉద్యోగం ఆ మాటలు తెలుగులో రాయడమే. నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివిన వాక్యం "ఇక్కడ నొక్కండి". ఇంత తక్కువ సాహిత్యంతో అంతమంది పాఠకులను సంపాదించినవాళ్లు తెలుగులో ఇంకెవరూ ఉండరేమో.

వాళ్లు అడిగేది చిట్కాలు. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక మామిడి చెట్టు. చిట్కాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి నేను చెట్టు సంగతే చెబుతాను. ఇందులో సంతోషపడాల్సింది పెద్దగా లేదని కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను.

ఆటల కంపెనీలోకి రాకముందు నేను ఖమ్మంలో డీటీపీ సెంటర్లలో పనిచేశాను. పెళ్లి పత్రికలు, ఎన్నికల కరపత్రాలు, సంవత్సరీకాల కార్డులు టైపు చేసిన చేతులివి. ఆ సెంటర్లు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, వైరా రోడ్డులో మోటార్లు అమ్మే దుకాణం పైన ఎవరో ఆటల కంపెనీ పెట్టారనీ, తెలుగు తప్పుల్లేకుండా రాసేవాళ్లు కావాలంటున్నారనీ తెలిసి మెట్లెక్కాను. అక్కడ అందరికంటే పెద్దదాన్ని నేనే. పెట్టినాయనను సారు అనేవాళ్లం. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి వైపు భూములు కొని స్థిరపడ్డారు. ఆయన మనిషి మంచివాడు, కోపం తక్కువ, భయం ఎక్కువ. అంతకుముందు ఆయన చేయించిన రెండు ఆటలు ఎలా ఆడాలో ఎవరికీ అర్థం కాక మూలన పడ్డాయి. ఆ దెబ్బ ఆయన ఒంట్లోంచి పోలేదు.

సారు కాక ఇంకో ఇద్దరిని మీరు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకడు తల్లాడ నుంచి రోజూ బస్సులో వచ్చే ప్రోగ్రామర్. వాడి నోట మాట రావాలంటే కరెంటు పోవాలి. ఇంకొకరు మా డిజైనర్. భద్రాచలం దాటాక అడవిలో ఉండే పల్లె ఆమెది. ముప్పై దాటిన మనిషి, నవ్వితే ఆఫీసంతా వినబడేది. ఆట ఎలా ఉండాలి, అందులో ఏముండాలి అన్నది ఆలోచించడం ఆమె పని.

ఆమె చేసిన ఆటలో ఒక అడవి ఉంది. ఆ అడవిలో బతకడానికి ఆమె చాలా దారులు పెట్టింది. చేపలు పట్టుకోవచ్చు, తేనె తీయవచ్చు, తడికలు అల్లవచ్చు, ఇప్పపువ్వు ఏరుకోవచ్చు, చెట్లు కొట్టి చేను చేసుకోవచ్చు. ఊరికే తిరగవచ్చు కూడా. ఒకచోట కదలకుండా కూర్చుంటే కాసేపటికి పిట్టలు వాలేవి. ఇంకాసేపు కూర్చుంటే ఒక దుప్పి వచ్చేది. తొందరపడకుండా దాని వెనకాలే నడిస్తే నీటి ఊట ఉన్న చోటు కనిపించేది. ఇవేవీ ఆటలో ఎక్కడా రాసి ఉండవు, ఎవరికి దొరికింది వాళ్లది.

ఇంత కష్టం ఎందుకని ఒకసారి అడిగితే వాళ్ల అమ్మ గురించి చెప్పింది. ఆ తల్లి చిన్నప్పటి నుంచీ అడవిలో తిరిగిన మనిషి. రెండేళ్లుగా మోకాళ్లు పట్టేసి ఇంటి ముందు పందిరి దాటడం లేదు. భద్రాచలంలో దవాఖానాకు తీసుకుపోతే, ఇక ఎక్కువ నడవకూడదని చెప్పి పంపారు. "మా అవ్వకు అడవిని ఫోన్‌లోనన్నా ఇయ్యాలె మేడం" అంది డిజైనర్. ఆ మాట తర్వాత ఆమె పనిని నేను ఉద్యోగంగా చూడలేకపోయాను.

ఆటను మొదటిసారి బయటివాళ్ల చేతికి ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అప్పటికి ట్యుటోరియల్ లేదు. దారిన పోయేవాళ్లను, చుట్టుపక్కలవాళ్లను పిలిచి, ఫోన్ చేతిలో పెట్టి, వెనక నిలబడి చూశాం. మిర్చి యార్డు హమాలీ ఒకాయన, పొద్దంతా బస్తాలు మోసి వచ్చి మళ్లీ ఇక్కడ కూడా పనేంటని, వాగులోకి దిగి ఈత కొడుతూ ఉండిపోయాడు. కింద దుకాణం యజమాని భార్య, ఎర్రుపాలెం ఆవిడ, అడవిలో అడుగు పెట్టీ పెట్టగానే తన స్థలం ఎంతో తేల్చుకుని కంచె కట్టింది. ఒక ఆటో డ్రైవర్ తేనెతుట్టెలు వెతుక్కుంటూ ఎంత దూరం పోయాడంటే, అక్కడ అంత అడవి ఉందని మా ప్రోగ్రామర్‌కే తెలియదు. మనిషికో ఆట. డిజైనర్ గోడకు ఆనుకుని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతూ చూసింది.

ఇద్దరు ముగ్గురు మాత్రం ఏం చేయాలో తోచక తెల్లముఖం వేసి ఫోన్ తిరిగి ఇచ్చేశారు. సారు చూసింది వాళ్లనే. ఆయనను తప్పుపట్టలేను. రెండుసార్లు మునిగినవాడికి నీళ్లు తప్ప ఇంకేం కనిపిస్తాయి. ఆడేవాడికి మొదటి నిమిషంలో దారి తెలియకపోతే ఫోన్ పక్కన పడేస్తాడనీ, దారి మనమే చూపించాలనీ తేల్చేశారు.

అలా వచ్చింది వేలు. తెల్లటి బొమ్మ వేలు, ఎక్కడ నొక్కాలో అక్కడ కొట్టుకుంటూ ఉంటుంది. గొడ్డలి తీసుకో, చెట్టు కొట్టు, గుడిసె వెయ్యి, మామిడికాయలు కొయ్యి, సంతలో అమ్ము. ఐదు పనులు. గొడ్డలి మొదట ఎందుకంటే చెట్టు కూలడం స్క్రీన్ మీద బాగుంటుంది, చప్పుడొస్తుంది, ఆడేవాడికి ఏదో సాధించాననిపిస్తుంది. వేలు ఒకచోట కొట్టుకుంటున్నంతసేపూ మిగతా అడవికి తాళం. వాగు వైపు నొక్కినా, గుట్ట వైపు నొక్కినా ఏమీ జరగదు. ఐదు పనులూ పూర్తయ్యాక తాళం తీస్తారు కాని, ఆ తర్వాత కూడా మనిషి కొన్ని క్షణాలు ఊరికే నిలబడితే వేలు మళ్లీ వచ్చి దగ్గర్లో ఉన్న చెట్టును చూపిస్తుంది. ఆడేవాడు దారి తప్పాడనుకుంటుంది పాపం. ఊరికే కూర్చుంటే వచ్చే దుప్పి ఆ దెబ్బతో పోయింది. దాన్ని ఎవరూ తీసేయలేదు, అక్కడే ఉంది. అది వచ్చేదాకా కూర్చోనిచ్చేవాళ్లే లేరు.

ఆ ఐదు పనులకూ మాటలు రాసింది నేను. మామిడికాయ పని పెట్టింది డిజైనర్. కోయడం ఎలాగో నేర్పడానికి తేలికైనదేదైనా ఒకటి చెప్పమని సారు తొందరపెడితే ఆమె అప్పటికప్పుడు మామిడి అంది. పదేళ్లుగా ఖమ్మంలో ఉంటున్న మనిషి, మార్కెట్లో కాయలు కనబడగానే కొనుక్కునే అలవాటు. ఆ మాట అన్నప్పుడు ఆమెకు గాని, విన్న మాకు గాని ఏమీ అనిపించలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో వాళ్ల ఊరికి వెళ్లాం, సారు కారులో నేనూ డిజైనరూ. పల్లెటూళ్లలో ఆడించి చూసి రమ్మని పంపారు. భద్రాచలం దాటాక రోడ్డు పక్కన ఇప్పచెట్ల కింద నేలంతా ఊడ్చి ఉంది, పువ్వు రాలితే ఏరుకోవడానికి. మామిడి చెట్లకు కాయలు వేలాడుతున్నాయి. ఎవరూ వాటి జోలికి పోలేదన్నది నేను చూశాను గాని, దాని గురించి ఆలోచించలేదు.

వాళ్లమ్మ పందిరి కింద చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నాకంటే కొన్నేళ్లు పెద్ద. నేను అక్కా అన్నాను, ఆమె చెల్లె అంది, దాంతో డిజైనర్‌కు నేను ఆ రోజు నుంచి చిన్నమ్మనయ్యాను. తల్లీబిడ్డలు తమ భాషలో మాట్లాడుకుని, నాతో మాత్రం తెలుగులో మాట్లాడేవాళ్లు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు చేరారు. డిజైనర్ ఫోన్ తెరిచి తల్లి చేతిలో పెట్టింది. ఆ క్షణం కోసం ఆమె ఎన్నాళ్లు పనిచేసిందో తెలిసినదాన్ని కాబట్టి నేను ఫోన్‌ను వదిలి ఆ తల్లినే చూస్తూ కూర్చున్నాను.

మొదట అడవిని చూసి తల్లి ముఖం విప్పారింది. చెట్లను పేరుపేరునా గుర్తుపట్టింది. వేలు గొడ్డలి చూపిస్తే తీసుకుంది, ఇల్లు వేసుకోవడానికి ఒక చెట్టు తప్పదు కదా అని కొట్టింది. గుడిసె వేసింది. తర్వాత వేలు మామిడి చెట్టు మీదికి పోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఫోన్ పనిచేయడం లేదేమోననుకుని నేను దగ్గరికి జరిగాను.

"కాయ కొయ్యమంటాంది" అంది ఆమె నావైపు చూసి.

"కొయ్యక్కా మరి."

"ఎట్ల కోస్త? ఇంక పండుగ కాలె."

అప్పుడు చెప్పింది. వాళ్ల ఊళ్లలో మామిడి కాయగానే కోయరు. ఊరిపెద్దలు కూర్చుని ఒక రోజు అనుకుంటారు. ఆ రోజు పూజారి మొదటి కాయలు ఊరి దేవతకు పెడతాడు. ఆ తర్వాతే ఎవరైనా కోయడం, తినడం. అంతవరకు చెట్టు కిందికి రాలిపడ్డ పిందెను కూడా నోట్లో పెట్టుకోరు. పక్కనున్న ఆడవాళ్లందరూ అవునన్నట్టు తలలూపారు.

డిజైనర్ ముఖం పాలిపోయింది. తల్లి పక్కన కూర్చుని నెమ్మదిగా అంది. "ఇది ఆటవ్వా. నిజం కాయ గాదు."

"ఆటైతే ఏంది బిడ్డా? చెయ్యి నాదే గద."

ఆమె వాగు వైపు నొక్కింది, పోలేదు. గుట్ట వైపు నొక్కింది, పోలేదు. వేలు మాత్రం మామిడి చెట్టు మీద కొట్టుకుంటూనే ఉంది. దాన్ని కాసేపు చూసి, "వీడు పోనిస్తలేడు" అని ఫోన్‌ను చాప మీద బోర్లించింది. కోపంగా ఏమీ కాదు, సరిపోని చెప్పులు విడిచినంత మామూలుగా. మిగతా ఆడవాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు ఆడి, అందరూ అక్కడే ఆగారు. ఆఖరున తల్లి బిడ్డను ఒక్క మాట అడిగింది, ఆ చెట్టు అక్కడ పెట్టింది నువ్వేనా అని. అవునంటే, పండుగ మర్చిపోయినవా అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. తిరుగు ప్రయాణంలో పాల్వంచ దాటేదాకా డిజైనర్ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మరుసటి రోజు ఆఫీసులో సారు గోడ మీద పెద్ద స్క్రీన్‌లో గీత చూపించారు. ఎక్కడెక్కడ ఎంతమంది ఆట ఆపేశారో చెప్పే గీత అది. మామిడికాయ దగ్గరికి వచ్చేసరికి నిటారుగా కిందికి పడిపోయింది. అక్కడ వాళ్లకు వేలు సరిగా కనిపించడం లేదని సారు అభిప్రాయం. పల్లెటూరి ఆడవాళ్లు, చిన్న ఫోన్లు, ఎండ వెలుతురు. కాబట్టి వేలును పెద్దది చేసి, ఫోన్ వణికేలా కూడా చేస్తే సరిపోతుందన్నారు.

నేను లేచి జరిగింది చెప్పాను. వాళ్లకు వేలు చక్కగా కనిపించిందనీ, వద్దనుకున్నారు గాని తెలియక ఆగలేదనీ చెప్పాను. సారు శ్రద్ధగానే విన్నారు. విని, గీత వైపే చూశారు. ఆ గీతకు వద్దనుకున్నవాడికీ తెలియనివాడికీ తేడా తెలియదు. ఇద్దరూ దానికి ఒకటే పల్లం.

ఆయన ఒక మధ్యేమార్గం చెప్పారు. "సరే మేడం గారూ, పండుగ కూడా పెట్టేద్దామండీ. వేలు పూజారిని చూపిస్తుంది, నొక్కితే పండుగైపోతుంది. తర్వాత కాయ కోస్తారు. కలర్‌ఫుల్‌గా కూడా ఉంటుంది."

డిజైనర్ తల అడ్డంగా ఊపింది. "నొక్కితే అయ్యేది పండుగ గాదు సార్" అంది. "నాకు పండుగ వద్దు, ఏం వద్దు. వద్దన్నోళ్లను పక్కనుంచి పోనియ్యండి. గంతే."

ఆ ఒక్క మార్పు ప్రోగ్రామర్‌కు ఒక పూట పని. వాడు ఆ మాట నోరు తెరిచి చెప్పాడు కూడా, కరెంటు పోకుండానే. సారు ఒప్పుకోలేదు. ఈ ఒక్కచోట పోనిస్తే రేపు ఇంకోచోట పోనివ్వాల్సి వస్తుందనీ, పోయినవాళ్లు అడవిలో తప్పిపోతారనీ, తప్పిపోయినవాళ్లు తిరిగి రారనీ ఆయన భయం. ముందు విడుదల కానివ్వండి, తర్వాత చూద్దామన్నారు. ఉద్యోగాల్లో తర్వాత చూద్దామన్న మాటకు అర్థం మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. వేలు పెద్దదైంది. ఫోన్ వణకడం మొదలైంది.

వానాకాలంలో ఆట విడుదలైంది. మొదట్లో బాగానే పోయింది. మామిడికాయ దగ్గర గీత పడిపోవడం లేదు, అప్పటికి పండుగలు అయిపోయాయి కాబట్టి ఊళ్లలో ఆడేవాళ్లు లక్షణంగా కోసి లక్షణంగా అమ్ముతున్నారు. సారు స్వీట్లు తెప్పించారు. నేను మాత్రం ఒక సంగతి గమనించడం మొదలుపెట్టాను. ఆట మొత్తం ఫోన్లలో ఉండదు, అడవి మా సర్వర్ నుంచి వస్తుంది, అందుకని ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో మాకు చుక్కల్లా కనిపించేది. చుక్కలన్నీ ఒకే దారిన పోతున్నాయి. గొడ్డలి, చెట్టు, గుడిసె, కాయ, సంత. తాళం తీశాక కూడా మళ్లీ చెట్టు, మళ్లీ సంత. ఈత కొట్టేవాడు లేడు, తేనె వెతికేవాడు లేడు. ఎవరూ వాళ్లను ఆపడం లేదు. మొదటి పది నిమిషాల్లో మేం చేతికిచ్చిందే ఆట అనుకున్నారు, మిగతాది బొమ్మల కోసం పెట్టిన అడవి అనుకున్నారు. బోధన ఇలా ఉంటుందని బడిపంతుళ్లకు ఎప్పుడో తెలిసి ఉంటుంది. నాకు ఆ చుక్కలు చూశాకే తెలిసింది.

కొన్నాళ్లకు ఆడినవాళ్ల అభిప్రాయాలు రావడం మొదలైంది. చెట్లు నరకడం తప్ప ఇందులో ఇంకేం లేదని ఒకరు, నాలుగు చెట్లు కొట్టాక విసుగొచ్చిందని ఇంకొకరు. ఆటలో ఎన్ని దారులున్నాయో తెలిసిన డిజైనర్ వాటిని ఒక్కొక్కటే చదివేది. నేను ఫోన్ లాక్కుంటే బాత్రూంలోకి పోయి చదివేది. ఆ తర్వాత వాళ్ల ఊరి నుంచి మేనమామ ఫోన్ చేశాడు. మన అడవిని నరికే ఆట చేసినవట గదా, అని అడిగాడట. నవ్వుతూనే అడిగాడట. ఆ రోజు ఆమె అన్నం డబ్బా మూత తీయలేదు. నాకైతే సారు మీద, ఆ గీత మీద, ఐదు పనులకూ చక్కటి తెలుగు రాసిచ్చిన నామీద కూడా ఒళ్లు మండిపోయింది.

చలికాలం మొదట్లో ఆమె ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లిపోయింది. అక్కడ ఒక పెద్ద కంపెనీలో తీసుకున్నారు. ఏ పనికనుకున్నారు, ట్యుటోరియల్స్ పనికే. వేలు ఎక్కడ కొట్టుకుంటే జనం ఆగకుండా ముందుకు పోతారో ఆమెకు బాగా తెలుసని వాళ్లు మెచ్చుకున్నారట. నాకు ఫోన్‌లో చెబుతూ నవ్వబోయింది. ఆఫీసంతా వినబడే ఆ నవ్వు మాత్రం రాలేదు.

ఆమె వెళ్లేముందు ప్రోగ్రామర్ ఒక పని చేసిపెట్టాడు. వేలు లేకుండా, తాళాలు లేకుండా, మొదటి రోజు హమాలీ ఆడినట్టుండే ఆటను ఒక ఫోన్‌లో వేసి ఇచ్చాడు. సారుకు తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆమె ఆ ఫోన్ తీసుకుపోయి తల్లికి ఇచ్చింది.

అప్పటి నుంచి నాకు ఆఫీసులో ఒక కాలక్షేపం దొరికింది. పొద్దున్నే వెళ్లి ఆ ఒక్క చుక్క కోసం వెతికేదాన్ని. గుంపుగా చెట్టు నుంచి సంతకు, సంత నుంచి చెట్టుకు పోయే చుక్కల నడుమ అదొక్కటి వేరేగా తిరుగుతూ ఉండేది. గుట్ట ఎక్కేది. వాగు ఒడ్డున చాలాసేపు ఆగేది. ప్రోగ్రామర్ కూడా వచ్చి నా కుర్చీ వెనక నిలబడేవాడు. ఒకరోజు ఆ చుక్క ఎంతకీ కదలకపోతే ఫోన్ ఆగిపోయిందేమోనని భయపడ్డాం. అది మెల్లగా లేచి ఊట వైపు నడిచింది. దుప్పి కనిపించిందన్నమాట. మా ప్రోగ్రామర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆటలో మామిడి చెట్టుకు ఏడాది పొడుగునా కాయలే. దాన్ని చూసి ఆమె, ఈ చెట్టుకు కాలం తెలియదని నవ్విందని బిడ్డ చెప్పింది. వచ్చే పండుగ కాకుండా కాయ మాత్రం ఒక్కటీ ముట్టలేదు.

మళ్లీ ఎండలు వచ్చేసరికి ఆట ఆడేవాళ్లు లేకుండా పోయారు. చెట్లు ఎంతకాలమని కొడతారు. సారు కుర్చీలో కూలబడి, సర్వర్ ఆపేస్తున్నానని చెప్పారు. అదే నెలలో నా రిటైర్మెంటు. నా ఉద్యోగంలో ఆఖరి పని, ఆడేవాళ్లకు ఆట ముగిసిందని చెప్పే సందేశం రాయడం. రాసిచ్చి, సారును ఒక్కటే అడిగాను. భద్రాచలం అవతల ఊళ్లలో మామిడి పండుగ ఇంకా కాలేదు, అయ్యేదాకా ఉంచండి అని. సర్వర్ కిరాయికిచ్చినవాళ్లతో ఒప్పందం ముగిసిపోతోందనీ, ఆపే రోజు తన చేతిలో లేదనీ ఆయన అన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "నేనూ చూస్తున్నానండీ ఆ చుక్కని" అని మాత్రం అన్నారు.

ఆపే రోజుకు ముందు రోజు బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. డిజైనర్‌కు సెలవు దొరకలేదు. తల్లి అదే పందిరి కింద, అదే చాప మీద ఉంది. సంవత్సరంలో మనిషి సగమైంది. ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంది, తుడిచి తుడిచి అద్దం మెరుస్తోంది. ఎదురుగా నిజం మామిడి చెట్టు, దానికీ కాయలు. పండుగ ఎప్పుడని అడిగితే, పెద్దోళ్లింకా చెప్పలేదనీ, వచ్చే వారమో ఆపై వారమో కావచ్చనీ అంది.

నేను విషయం చెప్పాను. రేపటితో అడవి ఉండదనీ, వాగు, గుట్ట, దుప్పి అన్నీ పోతాయనీ చెప్పాను. ఆమె ఫోన్ వైపు చూసింది. ఇంకెవరైనా నడుస్తారా అందులో అని అడిగింది. ఎవరూ నడవరన్నాను.

"ఒక్క కాయ కోసుకో అక్కా" అన్నాను. "రేపు కోద్దామన్నా ఉండది."

నేను రాసిన వందల "ఇక్కడ నొక్కండి"లలో ఏదీ అంత మనస్ఫూర్తిగా రాయలేదు. ఆమె చెట్టు దగ్గరికి నడిచింది, ఫోన్‌లో. కాయలు చేతికందేంత కిందికి వేలాడుతున్నాయి. కొట్టుకునే వేలు లేదు, వణుకు లేదు, వద్దనే పూజారి లేడు, చూసేవాళ్లు లేరు. బొటనవేలు అద్దం మీద, కాయకు ఇంత దూరంలో ఆగింది.

"పోతే పోనియ్ చెల్లె" అంది. "కోస్తే నాకు కాయే దొరుకుతది. ఇన్ని దినాలు ఆగింది పోతది."

చెట్టు దాటి ఊట దగ్గరికి పోయి కూర్చుంది. నేను చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి పిట్టలు వాలాయి. ఆ తర్వాత దుప్పి వచ్చింది. నేను దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు, మేం అమ్ముకున్న ఆటలోదే అది. పొద్దు గూకేదాకా అలాగే కూర్చున్నాం. బస్సు వెళ్లిపోయింది, ఆ పూట అక్కడే ఉండిపోయాను.

తెల్లారాక ఆమె ఫోన్ తెరిచింది. అడవి లేదు. నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు. ఏం రాశారని నన్నే అడిగింది. "ఈ ఆట నేటితో ముగిసింది. ఇంతకాలం మాతో నడిచినందుకు ధన్యవాదాలు." నేను రాసిన వాక్యాలను నేనే చదివి వినిపించాను. కింద "సరే" అని ఒక్కటే బటన్. దాని పక్కన తెల్లటి వేలు కొట్టుకుంటోంది. ఆ ఫోన్‌లో వేలు తీసేశాం గాని ఈ సందేశం సర్వర్ ఆగేముందు దాని నుంచి అందరికీ ఒకేలా పోయింది, వేలుతో సహా.

"వీడు మల్ల వచ్చిండు" అంది ఆమె. "నొక్కకపోతే ఏమైతది?"

"ఏం గాదు. గట్లనే ఉంటది."

"ఉండనియ్ మరి" అని ఫోన్‌ను గోడ గూట్లో పెట్టింది.

నేను బయటికి వచ్చి, ఇంటి వెనక దిబ్బ ఎక్కి డిజైనర్‌కు ఫోన్ చేశాను. ఆఫీసులో ఉన్నట్టుంది, చుట్టూ మాటలు వినిపిస్తున్నాయి. ముందుగా ఆమె అడిగింది ఇదే.

"అవ్వ కోసిందా చిన్నమ్మా?"

కోయలేదని చెప్పాను.

"నేనైతే కోసేదాన్ని" అంది.

నేను తిరిగి వచ్చేసరికి తల్లి చెట్టు వైపు ముఖం పెట్టి కూర్చుని ఉంది. గూట్లో వేలు ఇంకా కొట్టుకుంటూనే ఉంది.